రెండు తాళాల తలుపు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ అనేది ఎవరి దయాదాక్షిణ్యమూ కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏటా ఈ రోజున మనం కలుసుకోవడానికి కారణం అదే. ఈ వేదిక మీద నేను ఎప్పుడూ డి.ఏ. బకాయిల గురించో, లైఫ్ సర్టిఫికెట్ల గురించో మాట్లాడేవాడిని. ఈసారి కార్యదర్శి గారు "ప్రత్యేక సంచికకు పనికొచ్చేలా ఆరోగ్యం గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. నేను డాక్టరును కాను. 1973 నుంచి 2009 దాకా 36 సంవత్సరాలు ట్రెజరీలలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అయినా ఒక విషయం యాభై ఏళ్లుగా నా మనసులో ఉన్నది. గాయమైతే కారే రక్తం దానంతట అది ఎలా ఆగుతుంది, ఒక్కొక్కప్పుడు ఎందుకు ఆగదు అన్నదే ఆ విషయం. దాని గురించి నేను తెలుసుకున్నంత మేరకు మీకు చెబుతాను.

1975లో మా చెల్లెలు రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చింది. దానికప్పుడు 22 ఏళ్లు. మంత్రసాని చేతిలో ఆడపిల్ల పుట్టింది. బిడ్డ కులాసాగానే ఉంది గాని తల్లికి రక్తం ఆగలేదు. బండి కట్టించి రోడ్డు దాకా తీసుకువెళ్లి బస్సు ఎక్కించాం. పట్నం చేరేలోగానే అంతా అయిపోయింది. తొమ్మిదో నెలలో అది అడిగిందని మా అమ్మ నువ్వుల చిమ్మిలి చేసి పెట్టింది. "నువ్వులు వేడి, అందుకే రక్తం విరిగింది" అని పరామర్శకు వచ్చిన వాళ్లలో ఎవరో అన్నారు. అన్నవాళ్లు మరిచిపోయారు, మా అమ్మ మరిచిపోలేదు. 1998లో తాను పోయేదాకా మళ్లీ ఇంట్లో చిమ్మిలి చేయలేదు. నాగుల చవితికి కూడా చలిమిడితోనే సరిపెట్టేది. ఆ మాట నిజమో కాదో నాకు తెలియదు కనుక, కాదని నేనూ గట్టిగా చెప్పలేకపోయాను.

నా మనవరాలు బయోకెమిస్ట్రీలో ఎం.ఎస్సీ. చదువుతోంది. పోయిన వేసవి సెలవులకు వచ్చినప్పుడు దానితో ఈ సంగతి చెప్పాను. "తాతయ్యా, నీకు మొదటినుంచి చెప్పాలి" అంటూ పాత క్యాలెండరు వెనక బొమ్మలు గీసి, పది రోజులు నాకు పాఠం చెప్పింది. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ పాఠమే.

మన శరీరంలోని ప్రతి కణానికీ చుట్టూ ఒక పొర ఉంటుంది. అది కొవ్వు పదార్థంతో చేసిన పొర. మందం మిల్లీమీటరులో లక్షవ వంతు కూడా ఉండదు. 1925లో హాలెండులో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వును తీసి నీటి మీద పరిచి చూశారు. అది కణాల పైభాగం వైశాల్యానికి రెట్టింపు వచ్చింది. అంటే పొర ఒంటి పేట కాదు, రెండు పేటలని తేలింది. ఆ కొవ్వు అణువుకు తల నీటిని ఇష్టపడుతుంది, తోకలు నూనెను ఇష్టపడతాయి. అందుచేత తలలు బయటికీ లోపలికీ తిరిగి, తోకలు మధ్యలో దాక్కుంటాయి. మధ్యలో ఉన్నది నూనె కాబట్టి ఉప్పులు దాన్ని దాటలేవు. ఒక పేటలోని కొవ్వు అణువు రెండో పేటలోకి దానంతట అది దొర్లాలన్నా గంటలూ రోజులూ పడుతుంది.

ఈ రెండు పేటలూ ఒక్కటి కావు. ఫాస్ఫాటిడైల్ సెరీన్ అనే ఒక రకం కొవ్వు ఎప్పుడూ లోపలి పేటలోనే ఉండాలి. పేరు పెద్దది కనుక మనం దాన్ని "లోపలి కొవ్వు" అందాం. అది పొరపాటున బయటి పేటలోకి వస్తే ఫ్లిపేజులనే ప్రోటీన్లు పట్టి లోపలికి తిప్పేస్తాయి. ఈ కాపలా పనికి అహర్నిశలూ శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తి నాణెం పేరు ఎ.టి.పి. దాన్ని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. హార్వర్డులో ఫిస్కే గారితో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా విడిగా కనుగొన్నారు. 1995లో సుబ్బారావు గారి శతజయంతికి తపాలా బిళ్ల కూడా వచ్చింది.

ఇక కాల్షియం సంగతి. మనకు కాల్షియం అంటే ఎముకలు, మోకాళ్లు, రాత్రి వేసుకునే మాత్ర. కాని దానికి మరో ఉద్యోగం ఉంది, కబురు మోయడం. కణం బయట ఉన్న కాల్షియంతో పోలిస్తే కణం లోపల స్వేచ్ఛగా తిరిగేది పదివేల వంతుల్లో ఒక వంతే. కణం దాన్ని పనిగట్టుకుని బయటికి తోసేస్తుంది, కొంత లోపలే కొట్లలో దాచుకుంటుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే చిన్న పిలుపైనా వినిపిస్తుంది కదా! అలాగే లోపల కాల్షియం కాస్త పెరిగితే చాలు, కణమంతటికీ తెలుస్తుంది.

కాల్షియం ప్రభావాన్ని మొదట పట్టుకున్నది లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టరు. ఆయన కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి కొట్టుకునేలా చేస్తున్నాడు. ఒకసారి శుద్ధిచేసిన నీటితో ద్రావణం చేస్తే గుండె ఆగిపోయింది. విచారిస్తే, అంతకుముందు వాడింది లండన్ కుళాయి నీరని తేలింది. ఆ నీటిలోని కాల్షియమే గుండెను నడిపించింది. 1883లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు.

కాల్షియం కబురు తెచ్చినప్పుడు తెరుచుకునే తలుపులు కణం పొరలో ఉన్నాయని శాస్త్రజ్ఞులకు చాలా కాలంగా తెలుసు. ఆ తలుపు ఏ ప్రోటీనో మాత్రం 2008 దాకా దొరకలేదు. ఆ ఏడాది ఇటలీలోని జెనోవాలో, దక్షిణ కొరియాలోని సియోల్‌లో, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు బృందాలు విడివిడిగా ఒకే ప్రోటీన్ దగ్గరకు చేరాయి. దాని పేరు టి.ఎం.ఇ.ఎం.16ఎ. అది క్లోరైడును, అంటే ఉప్పులో సగభాగాన్ని, పొర దాటిస్తుంది. దీని కుటుంబానికి అనాక్టమిన్లని మరో పేరు కూడా పెట్టారు. ప్రోటీన్ దారం పొరను ఎనిమిది సార్లు దాటుతుందని అనుకుని, ఎనిమిది అనే అర్థం వచ్చేలా ఆ పేరు కూర్చారు. తర్వాత చూస్తే పది సార్లు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. సర్వీసు రిజిస్టరులో ఒకసారి తప్పు పడితే దిద్దించడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు!

ఈ తలుపు చేసే పని మీకు ఇప్పుడే చూపిస్తాను. కొత్త ఆవకాయ, వేడి అన్నం, నెయ్యి. మీలో సగం మందికి నోరూరింది. ఏం జరిగింది? నరం ద్వారా లాలాజల గ్రంథికి కబురు అందింది. గ్రంథి కణంలోని కొట్లలో నుంచి కాల్షియం విడుదలైంది. అది పోయి ఈ తలుపును తీసింది. క్లోరైడు బయటికి వచ్చింది, దాని వెంట సోడియం వచ్చింది, ఆ ఉప్పు వెంట నీరు వచ్చింది. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఇలాగే ఊరుతుంది. మన వయసులో నోరు ఎండిపోతుంటే కారణం వయసే కానక్కరలేదు. మూత్రాశయానికి, ఎలర్జీకి, మనోవ్యాధులకు వాడే కొన్ని మాత్రలు ఆ నరం కబురును అడ్డుకుంటాయి. మీ మాత్రల చీటీ డాక్టరుకు చూపించి అడగండి. మీ అంతట మీరు మానవద్దు.

నేను పనిచేసిన సబ్ ట్రెజరీలో స్ట్రాంగ్ రూముకు డబుల్ లాక్ ఉండేది. స్టాంపులు, విలువైన పెట్టెలు అందులో ఉండేవి. ఒక తాళంచెవి ఎస్.టి.ఓ. గారి దగ్గర, రెండోది మరొక బాధ్యుడి దగ్గర. ఇద్దరూ వస్తేనే తలుపు. ఇక్కడా అంతే. ఈ ప్రోటీన్ రెండు భాగాల జంట. ప్రతి భాగానికీ తనదైన దారి, ఆ దారి పక్కనే రెండు కాల్షియం అయాన్లు కూర్చునే చోటు ఉంటాయి. అవి వచ్చి కూర్చుంటే దారి తెరుచుకుంటుంది, లేచిపోతే మూసుకుంటుంది. మా మనవరాలు బొమ్మ గీస్తుంటే నేను "ఇది డబుల్ లాకే కదమ్మా" అన్నాను. అది నవ్వి, "అవును తాతయ్యా, కాకపోతే ఇక్కడ రిజిస్టరులో సంతకాలుండవు" అంది.

ఇప్పుడు నా అసలు ప్రశ్నకు వస్తాను. డెంగ్యూ పుణ్యమా అని ప్లేట్‌లెట్లంటే తెలియని ఇల్లు లేదు. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ఒక్కొక్కటి వారం పది రోజులు బతుకుతుంది. రక్తనాళం తెగినచోట ఇవి అతుక్కుని గుంపు కడతాయి. ఆ గుంపు ఒక్కటే చాలదు. దాని మీద గట్టి గడ్డ కట్టాలంటే రక్తంలోని గడ్డకట్టే ప్రోటీన్లు పని మొదలుపెట్టాలి. అవి పని చేయడానికి ఒక బల్ల కావాలి. ఆ బల్ల ఏమిటనుకున్నారు? ఇందాక చెప్పిన లోపలి కొవ్వు. ఇన్నాళ్లూ కాపలా కాసి లోపల ఉంచిన దాన్నే, గాయమైన ఆ నిమిషంలో బయట పరచాలి.

గాయం దగ్గర ప్లేట్‌లెట్‌లోకి కాల్షియం పొంగుతుంది. ఆ పొంగుకు ఫ్లిపేజు కాపలా మందగిస్తుంది. అదే సమయంలో అనాక్టమిన్ కుటుంబంలోని మరొక ప్రోటీన్, టి.ఎం.ఇ.ఎం.16ఎఫ్, తెరుచుకుంటుంది. ఇది కొన్ని ఉప్పులను కూడా దాటిస్తుంది గాని, దీని ముఖ్యమైన పని కొవ్వును దాటించడం. ఇటువంటి ప్రోటీన్లను స్క్రాంబ్లేజులంటారు, అంటే రెండు పేటలనూ కలగలిపేవి. దీనికి ఎ.టి.పి. ఖర్చు లేదు. దారి ఇస్తే చాలు, అణువులు సెకనుకు వేల సంఖ్యలో అటూ ఇటూ మారిపోతాయి.

నూనెను దాటలేని తల ఎలా దాటుతుంది అని నేను అడిగాను. బజారులో కార్డు గీకే మిషనుకు ఒక గాడి ఉంటుంది. కార్డు అంచు గాడిలో జారుతుంది, మిగతా కార్డు బయటే ఉంటుంది. శాస్త్రజ్ఞులు కూడా ఈ పోలికే చెబుతారట. ప్రోటీన్ పక్కన నీటికి అనువైన గాడి ఒకటి తెరుచుకుంటుంది. కొవ్వు అణువు తల ఆ గాడిలో జారుతుంది, తోకలు నూనెలోనే ఉండిపోతాయి. 2014లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లో డుట్జ్‌లర్ బృందం ఒక బూజు జాతికి చెందిన ఇటువంటి ప్రోటీన్ ఆకారాన్ని తేల్చింది. దాని పక్కన ఆ గాడి, అందులో కాల్షియం చోట్లు స్పష్టంగా కనిపించాయి. బూజులో ఉన్న ఏర్పాటే మనిషిలోనూ ఉందంటే, సృష్టిలో ఇది ఎంత పాతదో ఆలోచించండి.

లోపలి కొవ్వు బయట పరుచుకోగానే గడ్డకట్టే ప్రోటీన్లు దాని మీద వచ్చి కూర్చుంటాయి. వాటిని దానికి అతికించేది మళ్లీ కాల్షియమే. అప్పుడు పని కొన్ని లక్షల రెట్లు వేగంగా సాగుతుంది. ల్యాబులో మన రక్తాన్ని ఊదారంగు మూత గొట్టంలో తీసుకుంటారు గుర్తుందా? అందులో కాల్షియాన్ని పట్టి ఉంచే మందు ఉంటుంది. అందుకే ఆ రక్తం గడ్డకట్టదు. రక్తదానం సంచిలోని సిట్రేటు కూడా ఈ పనే చేస్తుంది.

ఈ తలుపు పుట్టుకతోనే తెరుచుకోనివారు ప్రపంచంలో బహు కొద్దిమంది ఉన్నారు. 1979లో అమెరికాలో మొదటిసారి వర్ణించిన ఈ జబ్బును స్కాట్ సిండ్రోమ్ అంటారు. పన్ను తీయించినా, ఆపరేషనైనా, కాన్పు అయినా వారికి రక్తం ఆగడం కష్టం. విచిత్రమేమంటే ప్లేట్‌లెట్ల సంఖ్య సరిగ్గానే ఉంటుంది. మామూలుగా చేసే గడ్డకట్టే పరీక్షలూ సరిగ్గానే వస్తాయి. ఎందుకంటే ఆ పరీక్షలో గడ్డకట్టడానికి కావలసిన కొవ్వును ల్యాబువాళ్లే బయటి నుంచి కలుపుతారు. జతపరచని కాగితాన్ని తనిఖీ చేసేవాడే జతపరిచి, అన్నీ సక్రమం అని రాసినట్టు! లోపం ఆ కొవ్వు బయటికి రాకపోవడంలో ఉందని తర్వాత తెలుసుకున్నారు. 2010లో జపాన్‌లోని క్యోటోలో నగాటా బృందం టి.ఎం.ఇ.ఎం.16ఎఫ్‌ను కనిపెట్టి, స్కాట్ సిండ్రోమ్ రోగిలో దాని జన్యువు చెడి ఉన్నదని చూపింది. 31 సంవత్సరాలకు ఆ ఫైలు తేలింది.

తెరుచుకోకపోతే ఒక ప్రమాదం, వేళ కాని వేళ తెరుచుకుంటే మరొక ప్రమాదం. కోవిడ్ వైరస్ సోకిన కణాలు పక్క కణాలతో కలిసి పెద్ద ముద్దలుగా అవుతాయి. ఆ కలయికలో ఈ టి.ఎం.ఇ.ఎం.16ఎఫ్‌కు పాత్ర ఉందని 2021లో లండన్ శాస్త్రజ్ఞులు చూపారు. నులిపురుగులలో ఒక రకమైన బద్దెపురుగుకు ఇచ్చే నిక్లోసమైడ్ అనే పాత మాత్ర ప్రయోగశాలలో దాన్ని అడ్డుకుంది. అయితే ఆ మాత్ర కోవిడ్ మందుగా స్థిరపడలేదు. గాజు పాత్రలో ఫలించినదంతా మనిషిలో ఫలించదు. కనుక ఎవరూ దుకాణానికి పరుగెత్తకండి.

"కాల్షియం మాత్ర వేసుకుంటే ఈ తలుపులు బాగా తెరుచుకుంటాయా?" అని మీలో కొందరికి సందేహం రావచ్చు. నేనూ అడిగాను. తెరుచుకోవు. రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో శరీరం ఖచ్చితంగా చూసుకుంటుంది. నేను చెప్పిన పొంగు కణం లోపలి వ్యవహారం, సెకన్లలో వచ్చి పోయేది. మాత్ర ఎముకల కోసం, డాక్టరు చెప్పినంత వరకే.

చివరగా, నేను అడగవలసిన ప్రశ్న అడిగాను. "అయితే మీ చిన్నమ్మమ్మకు ఆ రోజు ఏ తలుపు తెరుచుకోలేదమ్మా?" అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇలా చెప్పింది. "తాతయ్యా, అది ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. స్కాట్ జబ్బు చాలా అరుదు. కాన్పులో రక్తం ఆగకపోవడానికి ఎక్కువసార్లు కారణం గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోవడం. ముడుచుకుంటేనే రక్తనాళాలు నొక్కుకుపోతాయి. ఆ కండరం ముడుచుకోవడానికీ లోపలికి కాల్షియం రావాలి. ముడుచుకునేలా చేసే ఇంజెక్షను వెంటనే అందితే చాలామంది బతుకుతారు. ఆ రోజు మన ఊళ్లో అది లేదు. ఒకటి మాత్రం ఖాయం. చిమ్మిలి ఉండ తింటే ఇందులో ఏ తలుపూ చెడిపోదు."

ఈ మాట వినవలసిన మనిషి వెళ్లిపోయి పాతికేళ్లు దాటింది. 23 ఏళ్లు ఆమె ఆ నింద మోసింది. నేను పక్కనే ఉండి, తెలియదు అనే సాకుతో ఊరుకున్నాను. తెలియకపోవడం తప్పు కాదు. "తెలియకుండా నింద వేయకండి" అని కూడా అనకపోవడం తప్పు. అందుకే ఈ వేదిక మీద చెబుతున్నాను.

మిత్రులారా, మీ ఇళ్లకు తీసుకువెళ్లడానికి మూడు మాటలు. ఒకటి, ఇంట్లో ఎవరికైనా పన్ను తీసినప్పుడో, దెబ్బ తగిలినప్పుడో, నెలసరిలోనో రక్తం మామూలు కంటే ఎక్కువగా పోతుంటే, ఆపరేషనుకు, కాన్పుకు ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ప్లేట్‌లెట్ల అంకె బాగుందని ఊరుకోకండి. అంకె వేరు, పని వేరు. రెండు, గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకునేవారు పన్ను తీయించేముందు మీ అంతట మీరు మానకండి, చెప్పకుండానూ వెళ్లకండి. ఇవి ప్లేట్‌లెట్ల గుంపు కట్టే పనిని తగ్గించే మందులు. మానాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయం. మూడు, కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. తర్వాత పరామర్శకు వెళ్లినప్పుడు ఎవరు ఏం పెట్టారు, ఏం తిన్నారు అని మాట్లాడకండి.

ఈ సంవత్సరం నాగుల చవితికి మా ఇంట్లో చిమ్మిలి చేశారు. ఆ రోజు పుట్టిన మా మేనకోడలు, ఇప్పుడు తానూ అమ్మమ్మ అయింది, వచ్చి తిన్నది.

ఇందులో మంచి ఉంటే అది మా మనవరాలిది, పొరపాట్లుంటే నావి.